అమ్మ ఓవెన్‌లో గ్రాఫిక్స్ కార్డు

దిల్‌సుఖ్‌నగర్,
సెప్టెంబర్ 28

చెల్లె జోస్నాకు,

అన్న జోయల్ రాసేది. పోస్టాఫీసులో కవర్లు అమ్మే ఆమె ఈసారి నన్ను గుర్తుపట్టింది. "గీ కాలంల ఉత్తరాలు ఎవరికి రాస్తున్నవ్ తమ్మీ, ఫోన్ లేదా?" అంది. మా చెల్లె చర్చిలో సిస్టర్, అంటే కన్యాస్త్రీ, కాబోతోంది, ఖమ్మం దగ్గర నోవిషియేట్‌లో శిక్షణలో ఉంది, అక్కడ ఈ ఏడాదంతా ఫోన్ ముట్టనివ్వరు అని చెప్పాను. "అయ్యో పాపం" అంది. పాపం నీకో నాకో మాత్రం చెప్పలేదు.

ఇక్కడ నా కొంప మునిగింది. షాపులో కంప్యూటర్‌కు చూపు పోయింది. మొన్న బాలాపూర్ వాళ్ల పెళ్లి ఆల్బమ్ చేస్తుంటే పెళ్లికూతురి మొహం మీద ఆకుపచ్చ గీతలు వచ్చాయి. పసుపు దంచే ఫోటో కదా, రంగు తేడా కొట్టిందేమో అనుకున్నాను. తర్వాత పెళ్లికొడుకు మీద, పంతులు మీద, విస్తట్లో అప్పడాల మీద కూడా వచ్చాయి. చివరికి తెర నల్లబడి ఊరుకుంది. లోపల ఫ్యాన్లు మాత్రం ఏమీ ఎరగనట్టు గిర్రున తిరుగుతున్నాయి. ర్యామ్ తీసి రబ్బరుతో రుద్దాను. వైర్లు మార్చాను. దుమ్ము ఊదితే నా కళ్లలోనే పడింది.

వెనక గల్లీలో రిపేర్లు చేసే బాలరాజన్న వచ్చి చూశాడు. "గ్రాఫిక్స్ కార్డు ఖతం తమ్మీ. బొమ్మను తెర మీదికి పంపేది గదే. లోపల మిగిలినయన్ని మంచిగనే ఉన్నయ్. కాని మనిషికి కనవడకపోతే ఏం ఫాయిదా?" అన్నాడు. కొత్తది తెమ్మన్నాడు. తొందరేముంది, చూద్దాంలే అన్నాను.

పుట్టినరోజు ఫ్లెక్సీ, పెళ్లి ఆల్బమ్, పోయాక శ్రద్ధాంజలి ఫ్లెక్సీ, ఈ దిల్‌సుఖ్‌నగర్‌లో నా చేతిలో పడని మనిషి లేడని గొప్పలు చెప్పుకునేవాణ్ణి కదా! ఇప్పుడు షాపులో కూర్చుని ఈగలు తోలుతున్నాను.

అమ్మ బాగుంది. ఎప్పటిలాగే ఉత్తరం కింద రెండు ముక్కలు రాయమంటే కళ్లద్దాలు విరిగాయంది. వచ్చేసారి రాస్తుందిలే.

నీ అన్న,
జోయల్


నోవిషియేట్, ఖమ్మం
అక్టోబర్ 12

ప్రియమైన అన్నయ్యకు,

నీ ఉత్తరం చదివి భోజనాల గదిలో గట్టిగా నవ్వాను. అది మౌనం పాటించే వేళ. మాకు శిక్షణ ఇచ్చే నోవిస్ మిస్ట్రెస్ సిస్టర్ అమల కళ్లు పెద్దవి చేసి చూశారు. తర్వాత ఆమే పిలిచి, "ఏముంది అంత నవ్వడానికి?" అని అడిగితే అప్పడాల మీద ఆకుపచ్చ గీతల గురించి చెప్పాను. ఆమె కూడా నవ్వారు. పెదవులు కదలకుండా నవ్వడం ఆమెకు బాగా వచ్చు.

నాకు ఇప్పుడు కూరగాయల మడి పని. బెండకాయలు కోసి కోసి చేతులు దురద. పొద్దున ప్రార్థన, తరగతులు, కుట్టుపని, మళ్లీ ప్రార్థన. మొదట్లో దిల్‌సుఖ్‌నగర్ బస్సుల మోత లేక నిద్ర పట్టేది కాదు. ఇప్పుడు పడుతోంది. మే నెలలో మా మొదటి మాటపట్టు, సిస్టర్లుగా దేవునికి మాట ఇచ్చే రోజు. ఆ రోజు అమ్మను ముందు వరుసలో కూర్చోబెట్టాలి. ఆమె ఏడుస్తుంది, ఏడవనీ, కానీ గట్టిగా ఏడవొద్దని ముందే చెప్పి తీసుకురా.

అన్నా, అమ్మ కళ్లద్దాలు త్వరగా బాగు చేయించు. ఉత్తరం కింద ఆ వంకర అక్షరాలు లేకపోతే ఉప్పు లేని కూరలా ఉంది. రాయలేకపోతే ఆమె చెప్పింది నువ్వు రాయి, తిట్లయినా సరే. కేకు కోసం ఎండుద్రాక్షలు, టూటీఫ్రూటీలు నానబెట్టిందా? ఇక్కడ అందరికీ ఇప్పట్నుంచే చెప్పి పెట్టాను, మా అమ్మ, ఎల్బీనగర్ లింగమ్మ చేసిన కేకు తిన్నాక వేరే కేకు నోట పెట్టలేరని.

ఆ కార్డు సంగతి కూడా తొందరగా చూసుకో. కార్తీకం వస్తోంది. పెళ్లిళ్ల కాలంలో నువ్వు తొందరేముంది అనడం వింతగా ఉంది.

నీ చెల్లి,
జోస్నా


ఎల్.బి. నగర్,
నవంబర్ 6

చెల్లె జోస్నాకు,

ఇది చదివి మళ్లీ భోజనాల గదిలో నవ్వకు, సిస్టర్ అమల నన్ను శపిస్తారు.

కార్డు బతికింది. ఎట్ల అంటావా? వంటింట్లో. బాలరాజన్న అన్నాడు: "లోపల టంకం ఊడింది తమ్మీ. కొంతమంది దీన్ని ఓవెన్‌ల పెట్టి కాలుస్తరు. వేడికి ఊడిన టంకం జర అతుక్కుంటది. కొన్ని వారాలు నడుస్తది, మళ్ల ఊడ్తది. అంతలోపట నీ పని చేస్కో." నేను తమాషా చేస్తున్నాడనుకున్నాను. ఆయన ఒట్టు వేశాడు.

మన ఇంట్లో ఓవెన్ ఉంది కదా! కార్డుకున్న ఫ్యాను, ప్లాస్టిక్కు అంతా విప్పేసి, కేకు పళ్లెంలో సిల్వర్ కాగితం పరిచి, దాని మీద పడుకోబెట్టాను. ఓవెన్ లోపల దీపం వెలుగుతుంటే, బాలరాజన్న, నేను, అద్దంలోంచి కేకు పొంగుతుందా అన్నట్టు చూస్తున్నాం. ఇల్లంతా కాలిన వైరు కంపు. కిటికీలన్నీ తెరిచాం. పక్కింటి యాదలక్ష్మక్క వచ్చి "ఏం వండుతున్నరు?" అని అడిగింది. "గ్రాఫిక్స్" అన్నాడు బాలరాజన్న. ఆమె తల ఊపి వెళ్లిపోయింది, మనవాళ్ల పండుగ వంట ఏదో అనుకుని ఉంటుంది.

చల్లారాక, షాపు నుంచి ఇంటికి తెచ్చుకున్న కంప్యూటర్‌లో బిగించి స్విచ్చి వేస్తే బాలాపూర్ పెళ్లికూతురు పళ్లన్నీ కనిపించేలా నవ్వుతూ వచ్చింది. గీతల్లేవు, ఏమీ లేవు! నేను ఎగిరి గంతేశాను. ఇక ఆ ఓవెన్‌లో తిండి వండొద్దు, విషపు పొగలు అంటుకుని ఉంటాయి అన్నాడు బాలరాజన్న. పోనీలే, అది కూడా పాతబడిందిగా.

అమ్మ ఒకటే నవ్వు. ఈ సంగతి నీకు రాయమని వెంటపడుతోంది. "చెల్లెకు రాసినవా? ఓవెన్‌ల పెట్టినమని రాసినవా?" అని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి అడుగుతోంది. అందుకే షాపు సంగతి పక్కన పెట్టి ఇంట్లో కూర్చుని మధ్యాహ్నం పూట రాస్తున్నాను. అమ్మ పడుకుంది, లేపడం ఎందుకని కింద ఆమె మాట లేకుండానే పంపుతున్నాను.

నీ అన్న,
జోయల్


నోవిషియేట్, ఖమ్మం
నవంబర్ 16

అన్నా,

నేను నవ్వలేదు.

నాయిన పోయాక అమ్మ ఆ ఓవెన్ ఒక్కదాని మీదే, కేకులు చేసి అమ్మి, మనిద్దరినీ చదివించింది. అది వెలిగించే ముందు సిలువ గుర్తు వేసుకుంటుంది. నీసు వాసన తగలకూడదని కోడిముక్క కూడా అందులో పెట్టనివ్వదు. ఇంటర్‌లో ఉండగా నువ్వు చికెన్ కాలు వేడి చేయబోతే అట్లకాడతో కొట్టింది. ఆ మచ్చ ఇంకా నీ మోచేతి మీద ఉంది. ఆ అమ్మ, క్రిస్మస్ నెల రోజుల్లో పెట్టుకుని, ఆ ఓవెన్‌లో కంప్యూటర్ ముక్క కాల్చనిచ్చిందా? ఇక అందులో తిండి వండకూడదని తెలిసి కూడా కూర్చుని నవ్విందా?

నానబెట్టిన ద్రాక్షల గురించి అడిగాను. నువ్వు జవాబు రాయలేదు. పెళ్లిళ్ల కాలంలో కొత్త కార్డు కొనలేదు. పనిరోజు మధ్యాహ్నం ఎల్బీనగర్ ఇంట్లో ఉన్నావు. అమ్మ మధ్యాహ్నం పూట పడుకుందట. మన అమ్మ ఎప్పుడు పడుకుంది అన్నా పగలు?

నాకు నిజం రాయి. సిస్టర్ అమలను అడిగితే ఫోన్ ఇస్తారు. ఇస్తారని నాకు తెలుసు. నేను అడగలేదు. ఎందుకు అడగలేదో నన్ను అడగకు.

జోస్నా


ఎల్.బి. నగర్,
నవంబర్ 27

చెల్లె,

నీ ఉత్తరం వచ్చి నాలుగు రోజులైంది. ఇప్పటికి మూడుసార్లు రాసి చింపేశాను. ఎక్కువ చదువుకున్నది నేనైనా, తెలివి నీకే ఎక్కువని అమ్మ ఎప్పుడూ అంటుంది.

అమ్మకు కడుపులో గడ్డ. ఆగస్టులో తెలిసింది. అప్పటికే లివర్ దాకా పాకింది. పెద్ద దవాఖానలో డాక్టరమ్మ నన్ను వరండాలోకి పిలిచి, కోసి లాభం లేదు, ఇంటికి తీసుకెళ్లి నొప్పి లేకుండా చూసుకోండి అంది. అమ్మ లోపల బెడ్ మీద కూర్చుని ఆ మాట విన్నది. కొత్త కార్డుకు దాచుకున్నదంతా అక్కడే పోయింది. పోతే పోయింది.

ఇంటికి వచ్చిన రోజే నా చెయ్యి బైబిల్ మీద పెట్టించింది. "దాని మాటపట్టు అయ్యేదాంక చెప్పొద్దు. చెప్తె అది బట్టలు సర్దుకొని వస్తది. దేవునికి ఇచ్చిన పిల్లను నేనే గుంజుకున్నట్టయితది" అంది. సరే అన్నాను. ఏమనాలి మరి? కళ్లద్దాలు విరగలేదు. చెయ్యి వణికి అక్షరాలు రావడం లేదు, అవి చూస్తే నువ్వు కనిపెడతావని రాయలేదు.

ఓవెన్ సంగతి కూడా విను. బాలరాజన్న ఆ ఉపాయం చెప్పిన రోజు నేను బయట ఎవరిదైనా పాత ఓవెన్ దొరుకుతుందా అని వాకబు చేస్తున్నాను. మంచంలోంచి అమ్మ అంతా వింటోంది. "ఇంట్ల ఉండంగ బయట ఎందుకు రా? పెట్టు" అంది. అమ్మా, మళ్లీ కేకుకు పనికిరాదు అన్నాను. "కేకు ఎవరు చేస్తరు బిడ్డా ఇంక?" అంది. బాలరాజన్న మొహం పక్కకు తిప్పుకున్నాడు. కార్డు లోపల పెట్టాక, మంచంలోంచే చెయ్యెత్తి సిలువ గుర్తు వేసింది. కేకుకు వేసినట్టే వేసింది. ఆ తర్వాతే నవ్వింది. నవ్విందన్నది అబద్ధం కాదు.

బతికిన కార్డు మీద నేను చేసిన మొదటి పని బాలాపూర్ ఆల్బమ్ అనుకుంటున్నావా? కాదు. కుర్చీ నా పక్కకు జరిపించుకుని కూర్చుని, "ముందు నాది చెయ్" అంది. ఏంది నీది అన్నాను. "అందరికి చేస్తవ్ గద రా, నాది పరాయోడు చేస్తడా? మంచి ఫోటో నేను చూసుకుంట" అంది. చెల్లె, నా చేతులతో అమ్మకు శ్రద్ధాంజలి ఫ్లెక్సీ చేశాను, అమ్మ పక్కన కూర్చుని రంగులు చెబుతుంటే. నీలం వద్దంది. 'ప్రభువునందు నిద్రించినది' అని పెద్ద అక్షరాల్లో పెట్టమంది. ఫోటో, నువ్వు నోవిషియేట్‌కు వెళ్లిన రోజు చర్చి మెట్ల మీద మీరిద్దరూ దిగింది తీసుకుంది. నిన్ను కత్తిరించాలి కదా. అంతా కత్తిరించాక నీ చెయ్యి ఆమె భుజం మీద మిగిలింది. దాన్ని కూడా తుడిచేయబోతుంటే "ఉండనియ్" అని నా చెయ్యి పట్టుకుంది.

నిన్న కార్డు మళ్లీ పోయింది. ఇంకోసారి కాల్చనా అంటే, "ఇడ్సిపెట్టు తమ్మీ, దానికి పానం లేదింక" అన్నాడు బాలరాజన్న.

నిన్ను రమ్మని నేను రాయలేను. మాట ఇచ్చాను. నీకు చెప్పి సగం తప్పాను, మిగతా సగమైనా నిలబెట్టుకోనీ.

జోయల్


నోవిషియేట్, ఖమ్మం
డిసెంబర్ 3

అన్నా,

నీ ఉత్తరం సిస్టర్ అమల చేతికిచ్చాను. ఆమె చదివి తన ఫోన్ నా చేతిలో పెట్టారు. నువ్వు హలో అన్నావు, నేను అన్నా అన్నాను. తర్వాత ఇద్దరం ఏడవడమే సరిపోయింది. మాట్లాడిందేమీ లేదు. అందుకే ఇది రాస్తున్నాను, నా తర్వాతే చేరుతుందని తెలిసి కూడా.

కొన్ని రోజులకు సెలవు ఇచ్చారు. అంతమాత్రాన మాటపట్టు ఆగిపోదని, ఆ మాట అమ్మకు చెవిలో గట్టిగా చెప్పమని సిస్టర్ అమల మరీ మరీ చెప్పారు. నేను మానేసి రావడం లేదు. మన అమ్మకు తల దువ్వడానికి వస్తున్నాను. అమ్మ నిన్ను తిడితే నన్ను చూపించు. మాట ఇచ్చింది నువ్వు, నేను కాదు.

రేపు పొద్దున బస్సు.

జోస్నా


ఎల్.బి. నగర్,
జనవరి 9

చెల్లె జోస్నాకు,

నువ్వు తిరిగి వెళ్లాక ఇల్లు బావురుమంటోంది. క్రిస్మస్‌కు హయత్‌నగర్ నుంచి, పెద్ద అంబర్‌పేట్ నుంచి కేకు కోసం మనుషులు వచ్చారు. అమ్మ పోయిన సంగతి తెలియనివాళ్లు. గుమ్మం పక్కన ఫ్లెక్సీ చూసి నిలబడిపోయేవాళ్లు. ఒకామె ఖాళీ టిఫిన్ డబ్బా చంకలో పెట్టుకుని, నా తల నిమిరి వెళ్లిపోయింది. యాదలక్ష్మక్క బేకరీలో కేకు కొనుక్కొచ్చి ఇచ్చింది. తిన్నాను. కేకే అది కూడా.

ఫ్లెక్సీ వేరేవాళ్ల షాపులో ప్రింట్ తీయించాను కదా, వాళ్లు డబ్బులు తీసుకోలేదు. అమ్మ మొహం మీద ఒక్క గీత లేదు. వచ్చినవాళ్లంతా "భుజం మీద ఆ చెయ్యి ఎవరిది?" అని అడుగుతున్నారు. మా చెల్లెది అని చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుడుతోంది. అయినా చెప్పడం బాగుంది.

బాలరాజన్న ఎవరి దగ్గరో తీసేసిన కార్డు ఒకటి తెచ్చి బిగించాడు. పని నడుస్తోంది. చచ్చిన కార్డు ఓవెన్‌లోనే పెట్టి తలుపు మూశాను. పాత సామాన్లవాడు వచ్చి అడిగితే వాణ్ణి తిట్టి పంపాను, పాపం.

ఒక్క సంగతి నన్ను తినేస్తోంది. నీకు కాక ఎవరికి చెప్పను? అమ్మ అడిగింది ఒకే ఒక్కటి. బైబిల్ మీద చెయ్యి పెట్టి చేసిన ఒట్టు. నోటి దురద కొద్దీ ఓవెన్ కథ నీకు రాశాను. అది రాయకపోతే నువ్వు కనిపెట్టేదానివి కాదు. నువ్వు గుమ్మంలో అడుగుపెట్టిన రోజు అమ్మ నా వైపు ఒక్కసారి చూసి, కళ్లు మూసుకుంది. పోయేదాకా ఆ మాట ఎత్తలేదు. తిట్టినా బాగుండేది. అట్లకాడతో కొట్టినా బాగుండేది. నన్ను క్షమించకుండానే పోయిందా చెల్లె?

జోయల్


నోవిషియేట్, ఖమ్మం
జనవరి 19

ప్రియమైన అన్నయ్యకు,

నీకు ఇది అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేకపోయాను. ఎందుకో చదివితే నీకే తెలుస్తుంది.

నేను వచ్చిన మర్నాడు నువ్వు మందులకని వెళ్లావు. నేను అమ్మకు తల దువ్వుతున్నాను. జుట్టు ఎంత పలచబడింది అన్నా, దువ్వెన వేస్తే జారిపోతోంది. నేను, "అమ్మా, అన్నను ఏమీ అనకు. వాడు చెప్పలేదు, నేనే కనిపెట్టాను" అన్నాను. అమ్మకు నవ్వొచ్చింది. నవ్వితే నొప్పి, అయినా నవ్వింది.

"వాడెక్కడ చెప్పిండు? అమాయకపోడు. నేనే చెప్పిన" అంది.

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. "నీకు చెప్పొద్దని వాని చేత ఒట్టు పెట్టించుకున్న. పెట్టించుకున్నంక మనసున వట్టలే. నిన్ను రమ్మంటె దేవునికి అన్యాయం. రావొద్దంటె నా పానం పోతలేదు. గప్పుడే బాలరాజు ఓవెన్ అన్నడు. నా ఓవెన్‌ల గా డబ్బా ముక్క పెట్టనిచ్చిన అని తెలిస్తె, ఇంక అమ్మ లెవ్వదని నా బిడ్డకు ఎర్కైతది అనుకున్న. గందుకే రాయి రాయి అని వాని పానం దీసిన."

నీ ఓవెన్ ఉత్తరం గుర్తు చేసుకో అన్నా. నా దగ్గర ఉంది, ఇప్పుడే మళ్లీ చూశాను. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి అడుగుతోందని నువ్వే రాశావు. నువ్వు ఒట్టు తప్పలేదు. నువ్వు నోటి దురదతో రాసింది కూడా కాదు. గుమ్మంలో నన్ను చూసి అమ్మ కళ్లు మూసుకుంది నీ మీద కోపంతో కాదు. అనుకున్న పని అయిందని.

ఆ ఓవెన్ ఎవరికీ ఇవ్వకు. కార్డు లోపలే ఉండనీ. మే నెలలో నువ్వు రా, ముందు వరుసలో కూర్చో, ఎంత గట్టిగా ఏడ్చినా నేను ఏమీ అనను.

ఇక నీకు చెప్పలేకపోయిన మాట. దువ్వడం అయ్యాక జడ వేస్తుంటే అమ్మ నా చెయ్యి పట్టుకుని అంది: "ఉత్తరం అందిన రోజే వస్తవనుకున్న బిడ్డా. గేటు సప్పుడైనప్పుడల్ల నువ్వే అనుకున్న. కొంచెం లేటైంది, ఏం గాదు."

నాకు ఆ ఓవెన్ ఉత్తరం అందిన రోజే అర్థమైంది అన్నా. సిస్టర్ అమల ఫోన్ పక్క గదిలోనే ఉంది. నిజమని తేలితే వెళ్లాలి, వెళ్తే మళ్లీ ఇక్కడికి రాగలనో లేదో అని భయపడి, ఫోన్ అడగకుండా నీకు ఉత్తరం రాసి జవాబు కోసం కూర్చున్నాను. అన్ని రోజులూ అమ్మ గేటు చప్పుడు వింటూ పడుకుంది.

అమ్మ చెప్పిన పని నువ్వు చేశావు. ఆలస్యం చేసింది నేను.

నీ చెల్లి,
జోస్నా